న్యూ ఆర్లీన్స్‌లో పిల్లలకి బడి వెతుక్కోవడం ఎలా: కత్రినా తర్వాత మారిపోయిన ఊళ్లో తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

న్యూ ఆర్లీన్స్‌లో ఉద్యోగం వచ్చింది, పిల్లలకి ఏ ఏరియా బాగుంటుంది అని అడిగేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఒకటే. ఇల్లు చూసేముందు బడి సంగతి చూడండి, ఎందుకంటే ఈ ఊళ్లో ఇంటి అడ్రస్‌ని బట్టి బడి రాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు ఎలా చేస్తారో తెలిసిందే కదా: మంచి రేటింగ్ ఉన్న బడి ఏ జోన్‌లో ఉందో కనుక్కుని, ఆ జోన్‌లో అద్దెకి దిగి, లీజు కాగితం చూపిస్తే సీటు ఖాయం. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. మీ ఎదురింటి బడిలో సీటు దొరక్కపోవచ్చు, ఊరికి అవతలి కొసన ఉన్నదాంట్లో దొరకొచ్చు. ఒకే వీధిలో ఉండే నలుగురు పిల్లలు పొద్దున్నే నాలుగు వేర్వేరు బస్సులు ఎక్కడం ఇక్కడ మామూలు విషయం.

ఇది ఇలా ఎందుకు తయారైందో తెలియకపోతే తర్వాత చెప్పేవేవీ సరిగ్గా అర్థం కావు కాబట్టి, ముందు ఆ కథ.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం దాటింది. ఊరిని ముంచింది గాలి కంటే నీళ్లే. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ, ఇండస్ట్రియల్ కాలువల గోడలు తెగి, ఊళ్లో సుమారు 80 శాతం నీట మునిగింది. అప్పటికి ఇక్కడి ప్రభుత్వ బడుల్లో 60 వేలకి పైగా పిల్లలు చదువుతున్నారు. ఆ బడులు తుపానుకి ముందు బాగుండేవని చెబితే అబద్ధం అవుతుంది. అవినీతి కేసుల విచారణ కోసం ఎఫ్‌బీఐ స్కూల్ బోర్డు ఆఫీసులోనే ఒక గది తీసుకుని కూర్చుంది, సూపరింటెండెంట్లు వచ్చినంత వేగంగా వెళ్లిపోయేవారు, ఫెయిలవుతున్న బడుల్ని తన చేతిలోకి తీసుకోవడానికి లూసియానా రాష్ట్రం 2003లోనే రికవరీ స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఒకటి పెట్టింది. తుపాను వచ్చాక, నవంబర్ 2005లో, రాష్ట్ర శాసనసభ యాక్ట్ 35 అనే చట్టం చేసింది. దాంతో బడి పనితీరు స్కోరు రాష్ట్ర సగటు కంటే తక్కువ ఉంటే చాలు, బడి రాష్ట్రం కిందకి వెళ్లిపోయేలా అయింది. అలా వందకి పైగా బడులు స్థానిక బోర్డు చేయి దాటిపోయాయి. రాష్ట్రం వాటిని ఒక్కొక్కటిగా చార్టర్ సంస్థలకి, అంటే కాంట్రాక్ట్ మీద ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థలకి, అప్పగించింది. 2014కి రికవరీ డిస్ట్రిక్ట్ తాను నేరుగా నడిపే చివరి బడులు కూడా మూసేసి పూర్తిగా చార్టర్ డిస్ట్రిక్ట్ అయింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. 2018 జులై 1న బడులన్నీ మళ్లీ స్థానిక బోర్డు కిందకే వచ్చాయి, దాని పేరు ఇప్పుడు నోలా పబ్లిక్ స్కూల్స్. కానీ బడిని నడిపే అధికారం మాత్రం చార్టర్ల దగ్గరే ఉండిపోయింది.

చార్టర్ అంటే ఫీజు లేని ప్రభుత్వ బడే. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది సొంత బోర్డు ఉన్న ఒక లాభాపేక్ష లేని సంస్థ, మధ్యలో ఒక కాంట్రాక్ట్. మన ఎయిడెడ్ బడులు గుర్తుకొస్తాయి గానీ తేడా ఉంది. ఎయిడెడ్ బడిలో టీచర్ జీతం ప్రభుత్వం ఇస్తుంది. ఇక్కడ పిల్లవాడి తలకి ఇంత అని డబ్బు బడికి చేరుతుంది, టీచర్ని ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని తీసేయాలి, ఎంత జీతం ఇవ్వాలి అన్నది బడే తేల్చుకుంటుంది.

ఆ టీచర్ల సంగతి కూడా చెప్పాలి, దాన్ని దాటేసి ఈ వ్యవస్థని మెచ్చుకోవడం నాకు చేతకాదు. ఇళ్లు మునిగి హ్యూస్టన్‌లో, బ్యాటన్ రూజ్‌లో తలదాచుకున్న టీచర్లూ, ఆయాలూ, బస్సు డ్రైవర్లూ, మొత్తం 7 వేలకి పైగా ఉద్యోగులు 2006 మొదట్లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, ఏళ్ల తరబడి ఈ పిల్లలకే పాఠాలు చెప్పినవాళ్లు. కేసు వేసి కింది కోర్టుల్లో గెలిచారు, 2014లో లూసియానా సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది, 2015లో అమెరికా సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. 2005లో ఈ ఊరి టీచర్లలో 71 శాతం నల్లజాతివాళ్లుంటే 2014కి 49 శాతానికి పడిపోయింది. మరోవైపు పిల్లల చదువు బాగుపడిందన్నదీ నిజమే. టులేన్ యూనివర్సిటీ పరిశోధకులు తుపానుకి ముందూ తర్వాతా పోల్చి చూస్తే పరీక్ష మార్కులు బాగా పెరిగాయి, హైస్కూల్ పూర్తిచేసేవాళ్లు 3 నుంచి 9 శాతం పాయింట్లు, కాలేజీలో చేరేవాళ్లు 8 నుంచి 15 శాతం పాయింట్లు పెరిగారు. అయితే ఆ ఎదుగుదల చాలావరకు తొలి పదేళ్లలోదే, ఆ తర్వాత ఉన్నచోటే ఉంది. తలసరి ఖర్చు పెరిగినా, పెరిగినదంతా తరగతి గదికి రాలేదు. అడ్మినిస్ట్రేషన్ ఖర్చు పెరిగి పాఠం చెప్పడానికి పెట్టే ఖర్చు తగ్గిందని కూడా వాళ్లే తేల్చారు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి: ఈ ఊళ్లో బడిని ఎంచుకునే బాధ్యత తల్లిదండ్రుల చేతిలో పెట్టారు, దాంతోపాటు బడి మీద ఒక కన్నేసి ఉంచే బాధ్యత కూడా. ఎంచుకోవడం అందరూ చేస్తారు. కన్నేసి ఉంచేది కొద్దిమందే.

ముందు పారిష్ తేల్చుకోండి

లూసియానాలో కౌంటీని పారిష్ అంటారు. నేను చెబుతున్న చార్టర్ వ్యవస్థంతా ఆర్లీన్స్ పారిష్‌ది. పక్కనే మెటరీ, కెన్నర్ జెఫర్సన్ పారిష్‌లో ఉన్నాయి, పాంచర్‌ట్రైన్ సరస్సు అవతల మాండవిల్, కోవింగ్టన్ సెయింట్ టమనీ పారిష్. అక్కడ ఎక్కువగా మనకి అలవాటైన జోన్ పద్ధతే. సరస్సు అవతల ఉంటామంటే రోజూ దాదాపు 24 మైళ్ల వంతెన, టోల్, పొగమంచు రోజుల్లో ట్రాఫిక్. పిల్లల కోసం అది భరించే కుటుంబాలు చాలా ఉన్నాయి, కాదనను. కానీ ఊళ్లోని బడుల గురించి అసలు చూడకుండా, ఎవరో భయపెట్టారని వెళ్లిపోవడం మాత్రం వద్దు. ఊళ్లో ఫ్రెంచ్‌లో చదువు చెప్పే బడులున్నాయి, స్పానిష్‌లో చెప్పేవున్నాయి, ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియెట్) అనే అంతర్జాతీయ సిలబస్ పద్ధతి ఉంది, మాంటిస్సోరి ఉంది, రాష్ట్రంలోనే పేరున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ హైస్కూల్ ఉంది. వీటన్నిటికీ ఫీజు లేదు.

దరఖాస్తు

కత్రినా తర్వాత మొదటి కొన్నేళ్లు ప్రతి బడికీ విడిగా తిరగాల్సి వచ్చేది. ఒక్కో చోట ఒక్కో ఫారం, ఒక్కో గడువు, ఎవరికి సీటిచ్చారో ఎందుకిచ్చారో తెలిసేది కాదు. ఆ గోల తగ్గించడానికి 2012లో వన్‌యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు తెచ్చారు. ఇప్పుడు దాన్ని ఎన్‌క్యాప్ అంటున్నారు. సాధారణంగా నవంబర్ నుంచి జనవరి దాకా మెయిన్ రౌండ్ ఉంటుంది, వసంతకాలంలో ఫలితాలు, ఆ తర్వాత మిగిలిన సీట్లకి ఇంకో రౌండ్. తేదీలు ఏటా మారతాయి, నోలా పబ్లిక్ స్కూల్స్ సైట్‌లో చూసుకోండి. మీరు ఆగస్టులో రాబోతున్నా, ఆఫర్ లెటర్ జనవరికే చేతిలో ఉంటే మెయిన్ రౌండ్‌లో పెట్టగలరేమో అప్పుడే ఫోన్ చేసి అడగండి. వేసవిలో వచ్చి దిగేవాళ్లకి మిగిలేవి మిగిలిన సీట్లే, టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ఆప్షన్లు పెట్టడం ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టినట్టే అనుకోండి. తేడా ఏంటంటే ఇక్కడ ర్యాంకు బదులు ప్రాధాన్యాలూ లాటరీ నంబరూ ఉంటాయి. అన్నో అక్కో అదే బడిలో ఉంటే ప్రాధాన్యం, బడికి దగ్గర్లో ఉంటే కొన్ని సీట్లలో ప్రాధాన్యం, మూతపడుతున్న బడి నుంచి వచ్చే పిల్లలకి ప్రాధాన్యం, ఇంకా సమానంగా ఉంటే లాటరీ. సీట్లు సర్దే లెక్క వెనక ఉన్న సిద్ధాంతం మన డాక్టర్లకి బాగా తెలిసిన రెసిడెన్సీ మ్యాచ్ (అమెరికా ఆసుపత్రుల్లో ట్రైనింగ్ సీట్లు సర్దే పద్ధతి) వెనకున్నదే. దాని మీద పనిచేసిన ఆల్విన్ రాత్, లాయిడ్ షాప్లీలకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ పద్ధతిలో మొదటి ఆప్షన్ దొరక్కపోయినంత మాత్రాన రెండో ఆప్షన్ దగ్గర మీరు వెనక్కి పోరు. కాబట్టి "మంచి బడి మొదట పెడితే వేస్ట్ అవుతుందేమో, వచ్చేదే మొదట పెడదాం" అని తెలివి చూపించొద్దు. మనసులో ఏ వరస ఉందో అదే వరసలో రాయండి. ఒక్క బడి పేరే రాసి వదిలేయడం కూడా మంచిది కాదు. అది రాకపోతే మీ చేతిలో ఏమీ ఉండదు. అలాగని ఇష్టం లేని బడిని లిస్టు నింపడానికి పెట్టొద్దు, అదే రావచ్చు.

ఫ్రాంక్లిన్, విల్లో (2022 దాకా దీని పేరు లషర్) లాంటి కొన్ని బడులకి పరీక్షా, మార్కులూ, ఇంకొన్ని అంశాలూ కలిపి అర్హత చూస్తారు. వాటి గడువులు ముందే ఉంటాయి. సెప్టెంబర్, అక్టోబర్ నుంచే వాటి సైట్లు చూస్తూ ఉండండి. కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబర్ 30 నాటికి 5 ఏళ్లు నిండాలి.

ఏ గ్రేడ్ వచ్చిందో ఒక్కటే చూసి తేల్చొద్దు

రాష్ట్రం ఏటా ప్రతి బడికీ ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. అందులో పిల్లల మార్కులుంటాయి, ఆ ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకెళ్లారన్న లెక్క కూడా ఉంటుంది. రెండోది విడిగా చూడండి. బాగా చదివే పిల్లల్ని ఏరి తీసుకున్న బడికి ఎ రావడం వింత కాదు. తక్కువ స్థాయిలో చేరిన పిల్లల్ని లాక్కొచ్చి బి తెచ్చుకున్న బడిలో టీచర్లు ఏదో గట్టి పనే చేస్తున్నారు. మూడు నాలుగేళ్ల గ్రేడ్లు వరసగా చూస్తే ఎటు పోతోందో తెలుస్తుంది.

ఆ తర్వాత ఎవరూ అడగని ప్రశ్న అడగండి: మీ కాంట్రాక్ట్ ఎప్పటితో అయిపోతుంది? చార్టర్‌కి మొదట కొన్నేళ్లకే అనుమతి ఇస్తారు, పనితీరు చూసి పొడిగిస్తారు, చూపించలేకపోతే మూసేస్తారు లేదా వేరే సంస్థకి ఇచ్చేస్తారు. ఈ ఊళ్లో బడి మూతపడటం అరుదైన సంగతి కాదు. ఇక్కడి ఫలితాలు పెరగడానికి పెద్ద కారణం నడవని బడుల్ని మూసి వేరేవాళ్ల చేతికివ్వడమేనని పరిశోధకులే చెబుతారు, అది మొత్తం మీద నిజం కావచ్చు. కానీ మూతపడ్డ ఆ బడిలో మూడో తరగతి చదువుతున్నది మీ పాప అయితే, స్నేహితులు చెల్లాచెదురై, టీచర్ ఎటో వెళ్లిపోయి, మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవాల్సింది మీరే. రెన్యూవల్ ఏడాదిలో ఉన్న బడి, అందులోనూ డి గ్రేడ్ చుట్టూ తిరుగుతున్నదైతే, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులకి ఇంకో జాగ్రత్త. 2019లో జాన్ ఎఫ్. కెనడీ హైస్కూల్‌లో గ్రాడ్యుయేషన్ వేడుక అయిపోయాక రికార్డులు తనిఖీ చేస్తే, ఆ బ్యాచ్‌లో దాదాపు సగం మందికి డిప్లొమాకి కావాల్సినవి పూర్తికాలేదని తేలింది. గౌన్లు వేసుకుని స్టేజి మీద నడిచిన పిల్లలు వాళ్లు. తప్పు పిల్లలది కాదు, పెద్దలది. అందుకే ప్రతి సెమిస్టర్ చివర ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కులూ క్రెడిట్లూ ఉండే రికార్డు) కాగితం మీద తీసుకోండి, ఎన్ని క్రెడిట్లు అయ్యాయి, ఇంకా ఎన్ని కావాలి అని కౌన్సెలర్‌తో కూర్చుని టిక్ పెట్టించుకోండి.

బడికి వెళ్లి చూడండి

ఓపెన్ హౌస్ రోజు అన్నీ మెరుస్తాయి, ఆ రోజు వెళ్లండి, మామూలు రోజు ఇంకోసారి వెళ్లనిస్తారా అని అడగండి. ఆఫీసులో ఉన్నావిడ పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తోందా? క్లాసు మారే గంట కొట్టినప్పుడు వరండాలో ఏం జరుగుతోంది? తుపాను తర్వాత వచ్చిన కొన్ని చార్టర్లలో గీత మీదే నడవాలి, మాట్లాడకూడదు, చిన్న తప్పుకే సస్పెన్షన్ అన్నంత కఠినంగా ఉండేది. 2013లో పిల్లలే బయటికి వచ్చి నిరసన చేశారు. 2012 నుంచి బహిష్కరణల్ని బడి సొంతంగా తేల్చకుండా సెంట్రల్‌గా విచారించే ఏర్పాటు వచ్చింది, పరిస్థితి చాలా మారింది. అయినా క్రమశిక్షణ నియమాల పుస్తకం అడిగి తీసుకుని ఇంట్లో కూర్చుని చదవండి.

టీచర్లలో ఎంతమంది పోయినేడాది కూడా ఇక్కడే ఉన్నారో అడగండి. ప్రిన్సిపాల్ ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెబితే మంచి సంకేతం. బస్సు సంగతి మరీ మరీ అడగండి: మా అడ్రస్‌కి బస్సు ఎన్నింటికి వస్తుంది, సాయంత్రం ఎన్నింటికి దింపుతుంది, బస్సు రాకపోతే ఫోన్ ఎత్తేదెవరు? ఊరంతా తిరిగి పిల్లల్ని ఎక్కించుకునే బస్సులు కాబట్టి చలికాలంలో ఇంకా చీకటి ఉండగానే స్టాపులో నిలబడే చిన్నపిల్లలుంటారు. ఆరేళ్ల పిల్లకి మంచి బడి కోసం రోజూ గంటన్నర బస్సు ప్రయాణం పెట్టడం కంటే, ఇంటికి పదినిమిషాల్లో ఉన్న ఒక మోస్తరు బడే నయమని నా అభిప్రాయం.

శాకాహారులైతే క్యాంటీన్ గురించి కూడా మాట్లాడుకోండి. సోమవారం రెడ్ బీన్స్ అన్నం వండటం ఈ ఊరి ఆనవాయితీ. చూడటానికి మన రాజ్మాలా ఉంటుంది, అందులో పంది మాంసపు సాసేజ్ వేయడం మామూలే.

స్పెషల్ ఎడ్యుకేషన్ కావాల్సిన పిల్లలుంటే

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ఎన్నో బడులు విడివిడి సంస్థలుగా నడుస్తుంటే, ఆటిజం ఉన్న పిల్లవాడికో, స్పీచ్ థెరపీ కావాల్సిన పాపకో కావాల్సిన మనుషుల్ని ప్రతి బడీ సొంతంగా తెచ్చుకోవాలి. చిన్న సంస్థలకి అది భారం. తొలి ఏళ్లలో ఇలాంటి పిల్లల్ని చేర్చుకోవడానికే వెనకాడుతున్నారని 2010లో కేసు పడింది, చివరికి స్వతంత్ర పర్యవేక్షణతో రాజీ కుదిరింది. చట్ట ప్రకారం మీ పిల్లవాడిని ఏ చార్టరూ ఆ కారణంతో కాదనకూడదు. "మీ బాబుకి మా దగ్గర కంటే ఫలానా చోట బాగుంటుందండీ" అని మెత్తగా చెప్పి పంపించేస్తుంటే, ఆ మాట ఈమెయిల్‌లో రాసివ్వమని మర్యాదగా అడగండి. వేరే రాష్ట్రం నుంచి వస్తుంటే ఐఈపీ (పిల్లవాడికి ఏ సాయం ఇవ్వాలో బడి రాసిచ్చే ప్లాన్) కాగితాలు చేతిలో తెచ్చుకోండి. ఇండియా నుంచి నేరుగా వస్తుంటే డాక్టర్ రిపోర్టులు ఇంగ్లిష్‌లో ఉండేలా చూసుకుని, పిల్లవాడికి అసెస్‌మెంట్ చేయమని రాతపూర్వకంగా అడగండి.

కాగితాలు

బర్త్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్, టీకాల రికార్డు. ఇండియాలో వేయించిన టీకాల పుస్తకం పీడియాట్రీషియన్‌కి చూపిస్తే రాష్ట్ర టీకాల రికార్డులో ఎక్కిస్తారు, తక్కువైనవి వేస్తారు. హెచ్1 మీద వచ్చామని, పిల్లలది హెచ్4 అని బెంగ వద్దు. వీసా స్థితిని బట్టి ప్రభుత్వ బడి పిల్లల్ని కాదనకూడదని 1982లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని నిజమే రాయండి. దాన్ని బట్టి ఇంగ్లిష్ స్థాయి చూసే చిన్న పరీక్ష పెడతారు, అవసరమైతే అదనంగా సాయం చేస్తారు, అంతే.

చేరాక

చార్టర్ బోర్డు సమావేశాలు బహిరంగంగా జరపాలని లూసియానా చట్టం. అజెండా కనీసం 24 గంటల ముందు పెట్టాలి. బడి లైబ్రరీలోనో భోజనాల హాల్లోనో సాయంత్రం పూట జరుగుతుంటాయి, చాలాసార్లు ప్రేక్షకుల కుర్చీల్లో ఎవరూ ఉండరు. వెళ్లి కూర్చోండి. బడ్జెట్ కాగితం ఒకటి చేతికిస్తారు. అందులో పిల్లల సంఖ్య ఎంత అనుకున్నారు, ఎంతమంది చేరారు అన్న వరస చూడండి. డబ్బు పిల్లల లెక్కన వస్తుంది కాబట్టి అక్కడ పెద్ద తేడా ఉంటే ఏడాది మధ్యలో మ్యూజిక్ టీచరో, క్లాసులో టీచర్‌కి సాయపడే ఎయిడో పోవచ్చు. మాట్లాడాలంటే చీటీ మీద పేరు రాసివ్వాలి, రెండు మూడు నిమిషాలిస్తారు. మన ఇంగ్లిష్ యాస గురించి ఆలోచించకండి, వాళ్లు వినాలి, అది వాళ్ల పని. ఓట్లేసి ఎన్నుకున్న స్కూల్ బోర్డు కూడా ఉంది గానీ మీ బడి టైమింగులూ, టీచర్ నియామకాలూ తేల్చేది ఓట్లతో రాని ఈ చిన్న బోర్డే. బడుల విషయంలో తమ ఓటుకీ మాటకీ ఉన్న విలువనే తుపాను తర్వాత పోగొట్టుకున్నామని ఈ ఊరివాళ్లు బాధపడతారు. 2024 ఆగస్టులో లియా చేజ్ స్కూల్ పేరుతో డిస్ట్రిక్ట్ మళ్లీ సొంతంగా ఒక బడి తెరిచిందంటే, ఏళ్ల తరబడి సమావేశాలకి వచ్చి అడిగిన తల్లిదండ్రుల పట్టుదల కూడా అందులో ఉంది.

ఇక తుపాను కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30. బడి ఆగస్టులో మొదలవుతుంది, అంటే కొత్త టీచర్ పేరు నోటికి రాకముందే ఖాళీ చేసి వెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. 2021లో ఐడా తుపాను సరిగ్గా ఆగస్టు 29నే వచ్చింది, కరెంటు లేక బడులు వారాలపాటు మూతపడ్డాయి. పాస్‌పోర్టులతోపాటు మార్కుల కాగితాలు, టీకాల రికార్డు, ఐఈపీ ఉంటే అది, ఒక వాటర్‌ప్రూఫ్ కవర్లో పెట్టి, ఫోన్లో ఫోటోలు కూడా తీసి ఉంచుకోండి. బడి పంపే మెసేజ్ ఏ నంబరుకి వస్తుందో చూసుకుని, అమ్మా నాన్నా ఇద్దరి నంబర్లూ ఇవ్వండి. హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో చుట్టాలింట్లో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే దగ్గర్లోని ప్రభుత్వ బడికి వెళ్లి, తుపానుకి ఇల్లు వదిలి వచ్చామని చెప్పండి. ఇల్లు కోల్పోయి ఇంకొకరింట్లో తలదాచుకున్న పిల్లల్ని కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం ఉంది. ఆ పేరు చెప్పి, ఆ పని చూసే లయజాన్ ఎవరో అడగండి, ప్రతి డిస్ట్రిక్ట్‌లో ఒకరుంటారు.